ఎలుక మెదడు సెక్షన్లు: స్టెయినింగ్ బ్యాచ్ మారితే మెరుపు మారిపోతోంది, కొలిచేదెట్లా?

సింహపురి స్లైడ్ | నెల్లూరు | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నెల్లూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఫ్లోరైడ్ మీద. విస్టార్ ఎలుకలకు తాగే నీళ్ళలో సోడియం ఫ్లోరైడ్ కలిపి ఇచ్చి, హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగం) ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణాలు), న్యూరాన్లు ఏమవుతున్నాయో చూడాలి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో పెర్ఫ్యూజన్ (గుండె ద్వారా ఎక్కించి మెదడును గట్టిపరచడం), తర్వాత 30 శాతం సుక్రోజ్, క్రయోస్టాట్‌లో (గడ్డకట్టించి కోసే యంత్రం) 40 మైక్రాన్ల సెక్షన్లు, ఫ్రీ ఫ్లోటింగ్ స్టెయినింగ్ (సెక్షన్లు ద్రావణంలో తేలుతుండగానే రంగు వెయ్యడం). ఆస్ట్రోసైట్లకు వాటిలోని జీఎఫ్‌ఏపీ ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ, అది అలెక్సా 488 అనే మెరిసే రంగుతో ఆకుపచ్చగా. న్యూరాన్లకు వాటిలోని న్యూఎన్ ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ, అది అలెక్సా 594తో ఎర్రగా. కేంద్రకాలకు డాపీ అనే నీలం రంగు.

నా ఇబ్బంది ఇది. ఒకే ఎలుక సెక్షన్లను రెండు వేర్వేరు రోజుల్లో స్టెయిన్ చేస్తే ఒక బ్యాచ్‌లో జీఎఫ్‌ఏపీ బాగా మెరుస్తుంది, ఇంకో బ్యాచ్‌లో మసకగా ఉంటుంది. ఫొటోలు కొలిచే ఫీజీ సాఫ్ట్‌వేర్‌లో అన్ని ఫొటోలకూ ఒకే థ్రెషోల్డ్ (ఇంతకంటే మెరిసిందే లెక్క అనే గీత) పెడితే కంట్రోల్‌కీ (ఫ్లోరైడ్ ఇవ్వని గ్రూపు) ఫ్లోరైడ్ గ్రూపుకీ పెద్ద తేడా కనిపిస్తోంది. గీతను సాఫ్ట్‌వేరే తేల్చే ఆటో థ్రెషోల్డ్‌లో ఓట్సు పద్ధతి పెడితే ఆ తేడా మాయమైపోతోంది. దీనికితోడు వయసు ముదిరిన ఎలుకల్లో హిప్పోక్యాంపస్‌లోని సీఏ3 భాగం దగ్గర అన్ని చానళ్ళలోనూ సన్నటి చుక్కలు మెరుస్తున్నాయి. మా గైడ్ సార్ ఏదో ఒక పద్ధతి పెట్టుకొని అన్నిటికీ అదే వాడమంటారు. ఏ పద్ధతి అన్నదే నా ప్రశ్న.

కావలి పిక్సెల్ | ప్రస్తుతం బెంగళూరు | సోమవారం రాత్రి 10:05

అమ్మాయ్, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఓట్సు 1979లో ఇచ్చిన పద్ధతి ఫొటోలోని పిక్సెళ్ళను వెలుగు, చీకటి అని రెండు గుంపులుగా చీలుస్తుంది. ఆ రెండు గుంపుల మధ్య తేడా ఎక్కడ ఎక్కువగా వస్తుందో అక్కడ గీత గీస్తుంది. ఆ గీత ప్రతి ఫొటోకూ కొత్తగా లెక్క కడుతుంది. ఫొటో మొత్తం ప్రకాశవంతంగా ఉంటే గీత కూడా పైకి పోతుంది. అంటే గ్రూపుల మధ్య నిజంగా మెరుపు తేడా ఉన్నా దాన్ని తనే చెరిపేస్తుంది. ఒకే థ్రెషోల్డ్ పెడితే ఆ తేడా మిగులుతుంది, కానీ బ్యాచ్ తేడా కూడా అందులో కలిసిపోతుంది. రెండిట్లో ఏది ఎంచుకున్నా నీ సమస్య తీరదు, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్‌లో పుట్టిన సమస్య కాదు.

మూడు సంగతులు చెప్పు. ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టావా, ఆటోలో ఉందా? ఎన్ని బిట్ల ఫైలు? ప్రతి స్టెయినింగ్ బ్యాచ్‌లో రెండు గ్రూపుల ఎలుకలూ ఉన్నాయా?

సింహపురి స్లైడ్ | నెల్లూరు | సోమవారం రాత్రి 10:31

ఎక్స్‌పోజర్ చేత్తోనే పెట్టానన్నా, 12 బిట్ టిఫ్. బ్యాచ్ సంగతి: ఎలుకల్ని శాక్రిఫైస్ చేసిన (మెదడు కోసం చంపిన) వరసలోనే స్టెయినింగ్ కూడా జరిగింది. ముందు కంట్రోల్, తర్వాత ఫ్లోరైడ్. మా ల్యాబ్‌లో మొదటినుంచీ అందరూ అట్లాగే చేస్తున్నారు.

కావలి పిక్సెల్ | ప్రస్తుతం బెంగళూరు | సోమవారం రాత్రి 10:48

అయితే చిక్కుముడి అక్కడే ఉంది. బ్యాచ్ తేడా, గ్రూపు తేడా ఒకదాని మీద ఒకటి పూర్తిగా కూర్చున్నాయి. ఆ రెంటినీ ఏ ఫార్ములా విడదీయలేదు. మెరుపును బట్టి తేల్చే ఏ ఫలితాన్నీ ఈ ఫొటోల నుంచి నేనైతే ఒప్పుకోను. కణాల లెక్క కొంత నయం, అదికూడా మసక బ్యాచ్‌లో కణాలు కనబడకుండా పోలేదని చూపించగలిగితేనే.

కందుకూరు క్రయో | కందుకూరు | మంగళవారం ఉదయం 6:50

నేను హిస్టాలజీ టెక్నీషియన్ని. సెక్షన్లు కొయ్యడం, స్టెయిన్ చెయ్యడమే నా రోజూ పని. పిక్సెల్ అన్న చెప్పింది నిజం, దాన్ని బెంచి దగ్గర ఎట్లా సరిచేసుకోవాలో నేను చెప్తా.

24 గుంతల ప్లేటు తీసుకో. ప్రతి ప్లేటులోనూ కంట్రోల్ ఎలుకలు, ఫ్లోరైడ్ ఎలుకలు సగం సగం ఉండాలి. అన్ని గుంతలకూ ఒకేసారి కలిపిన యాంటీబాడీ ద్రావణమే పొయ్యాలి. గుంత గుంతకూ విడిగా కలిపితే పైపెట్టు తేడా వచ్చేస్తుంది. యాంటీబాడీ లాట్ నంబరు మారకుండా మొత్తం పనికి సరిపడా ముందే తెప్పించుకొని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకో. అన్నిటికంటే పనికొచ్చేది ఇంకోటి ఉంది. ప్రయోగంలో లేని ఒక ఎలుక మెదడు కోసి పక్కన పెట్టుకొని, ప్రతి ప్లేటులో దానివి రెండు సెక్షన్లు వెయ్యి. ప్లేటుకూ ప్లేటుకూ మధ్య ఎంత తేడా వచ్చిందో అవే చెప్తాయి.

ప్రైమరీ (ప్రొటీన్‌ను పట్టే మొదటి యాంటీబాడీ) లేకుండా సెకండరీ (ఆ ప్రైమరీని పట్టే, రంగున్న రెండోది) మాత్రమే వేసిన గుంత ఒకటి, ఏ యాంటీబాడీ వెయ్యనిది ఒకటి తప్పకుండా ఉండాలి.

కరెంటు సంగతి ఎవరూ రాయరు గానీ మన దగ్గర అదీ లెక్కే. ప్రైమరీ రాత్రంతా 4 డిగ్రీల దగ్గర షేకర్ మీద పెడతాం కదా. రాత్రి కరెంటు పోయి షేకర్ ఆగితే సెక్షన్లన్నీ గుంత అడుక్కి చేరి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. మధ్యలో ఇరుక్కున్న సెక్షన్‌కు యాంటీబాడీ సరిగా అందదు. తెల్లారి చూస్తే అంచులు మెరుస్తూ నడిమి భాగం వెలవెలబోతూ ఉంటుంది. సన్న బ్రష్‌తో విడదీసేటప్పుడు అంటుకుపోయిన సెక్షన్లు కనిపిస్తే ఆ గుంత నంబరు నోటుబుక్కులో రాసిపెట్టుకో. గుంతకు రెండు మూడు సెక్షన్లకు మించి వెయ్యకు. షేకర్‌కు యూపీఎస్ ఉంటే మేలు.

ఒంగోలు పాథాలజీ | ఒంగోలు | మంగళవారం మధ్యాహ్నం 1:20

అమ్మా, నేను ఫ్లోరెసెన్స్ మనిషిని కాను. హెమటాక్సిలిన్ ఇయోసిన్, క్రెసిల్ వయొలెట్ లాంటి మెరవని మామూలు రంగుల స్లైడ్లతోనే నా సర్వీసంతా గడిచింది. ఫ్లోరైడ్ ఎలుకల మెదడు మీద వ్యాసాలు చదివినప్పుడల్లా నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది, చెప్పనివ్వు.

క్రెసిల్ వయొలెట్ ఫొటో వేసి, అందులో ముడుచుకుపోయి ముదురు ఊదా రంగులో ఉన్న న్యూరాన్లకు బాణం గుర్తులు పెట్టి "న్యూరాన్ల క్షీణత" అని రాస్తారు. ఆ న్యూరాన్ను దగ్గరగా చూడండి. కణం కుదించుకుపోయి ఉంటుంది, కేంద్రకం ఎక్కడుందో తెలియదు, డెండ్రైటు (న్యూరాన్ కొమ్మ) మెలికలు తిరిగి మరలాగా కనిపిస్తుంది. ఫిక్సేషన్ పూర్తికాని మెదడును పుర్రె నుంచి తీసేటప్పుడు వేలితో నొక్కినా, ఫోర్సెప్స్ తగిలినా ఆరోగ్యంగా ఉన్న ఎలుకలోనూ సరిగ్గా ఇట్లాంటి కణాలే వస్తాయి. వీటినే డార్క్ న్యూరాన్లంటారు. ప్రయోగాల్లో వీటిని రాకుండా చూసుకోవాలని కామర్‌మేయర్ 1961లోనే రాశాడు. అరవై ఏళ్ళు దాటినా ఆ బాణాలు ఆగలేదు.

పెర్ఫ్యూజన్ అయ్యాక మెదడును వెంటనే బయటికి తియ్యకుండా పుర్రెలోనే కొన్ని గంటలు చల్లగా ఉంచి, తర్వాత తీస్తే ఇవి బాగా తగ్గుతాయి. నిజంగా చనిపోతున్న న్యూరాన్లు కావాలంటే ఫ్లూరో జేడ్ లాంటి స్టెయిన్ చేసి చూపాలి. ఒట్టి ముదురు రంగు సాక్ష్యం కాదు.

కనిగిరి నీళ్ళు | కనిగిరి | మంగళవారం సాయంత్రం 7:15

నేను సైన్సు టీచర్ని, ల్యాబ్ మనిషిని కాదు. అయినా ఈ చర్చ మాకు చాలా ముఖ్యం. 1937లో షార్ట్, ఆయన బృందం మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి నివేదించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. పళ్ళ మీద గోధుమ చారలు, వంగిన నడుములు, మెడ దగ్గర ఎముక పెరిగి వెన్నుపామును నొక్కి కాళ్ళు చచ్చుబడిన పెద్దవాళ్ళు, ఇవన్నీ మేం కళ్ళారా చూసినవి. అందుకే మెదడు గురించి ఎవరైనా ఒక మాట అంటే ఇక్కడి తల్లిదండ్రులు దాన్ని తమ పిల్లల చదువుకు ముడిపెట్టుకుంటారు. ఆ మాట గట్టి ఆధారం మీద రావాలని నా కోరిక.

రెండు ప్రశ్నలు. నువ్వు ఇచ్చిన మోతాదు సోడియం ఫ్లోరైడ్ లెక్కా, ఫ్లోరైడ్ లెక్కా? సోడియం ఫ్లోరైడ్ బరువులో ఫ్లోరైడ్ 45 శాతమే. లీటరుకు 100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ వేస్తే ఫ్లోరైడ్ 45 మిల్లీగ్రాములే. థీసిస్‌లో ఏది రాస్తున్నావో తేటగా ఉండాలి, లేకపోతే చదివేవాళ్ళు రెట్టింపుకు పైగా తప్పు లెక్క వేసుకుంటారు. రెండోది, కంట్రోల్ ఎలుకలు తాగింది ఏ నీళ్ళు? మన జిల్లాల్లో బోరు నీళ్ళు పోస్తే అవి కంట్రోల్ కాకుండా పోయే ప్రమాదముంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పర్లేదని, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. మీ బోరులో ఎంతుందో కొలిచారా?

సింహపురి స్లైడ్ | నెల్లూరు | మంగళవారం రాత్రి 8:40

సార్, మోతాదు ఫ్లోరైడ్ అయాన్ లెక్కలోనే వేశాం. కంట్రోల్‌కు డీఅయొనైజ్డ్ నీళ్ళు, అయాన్ ఎలక్ట్రోడ్‌తో కొలిచిన రికార్డు ఉంది. మేత సంగతి మాత్రం మీరు నీళ్ళ గురించి అడిగాకే ఆలోచిస్తున్నా, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. రెండు గ్రూపులకూ ఒకే మేత కాబట్టి తేడా రాదు, కానీ ఎంతుందో కొలిచి రాస్తాను.

మైపాడు లెన్స్ | నెల్లూరు | మంగళవారం రాత్రి 9:55

మైక్రోస్కోపులు సర్వీసు చేస్తాను. తీరం వెంబడి ల్యాబులన్నిట్లో తిరుగుతుంటా. చెల్లెమ్మా, స్టెయినింగ్‌తో పాటు మీ మైక్రోస్కోపును కూడా అనుమానించు.

మీది మెర్క్యురీ ల్యాంపా, ఎల్‌ఈడీనా? మెర్క్యురీ ల్యాంపు ఆన్ చేసిన వెంటనే ఫొటోలు తీస్తే మొదటి అరగంటలో వెలుగు మారుతూనే ఉంటుంది. 100 వాట్ల ల్యాంపుకు సుమారు 200 గంటలు దాటాక నిలకడ పోతుంది. గంటల మీటరు చూసుకోండి. కంట్రోల్ స్లైడ్లు కొత్త ల్యాంపుతో, మిగతావి పాత ల్యాంపుతో తీసుంటే అదొక బ్యాచ్ తేడా. ఫ్లోరెసెంట్ ప్లాస్టిక్ స్లైడ్ ఒకటి దగ్గర పెట్టుకొని, రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకే ఎక్స్‌పోజర్‌తో దాన్ని ఒక ఫొటో తియ్యి. ఆ నంబరు రోజువారీగా రాస్తే ల్యాంపు జాతకం నీ చేతిలో ఉంటుంది. అదే ఫొటో ఇంకో పనికీ వస్తుంది. నడిమధ్య వెలుగు ఎక్కువ, మూలల్లో తక్కువ ఉంటుంది గదా, ఆ ఎగుడుదిగుడును భాగించి సరిచెయ్యడానికి అదే ఆధారం.

ఇక ఫంగస్. మన దగ్గర పగలంతా ఏసీ వేసి సాయంత్రం ఆపి తలుపులు తీస్తారు. చల్లబడిన లెన్సు మీద సముద్రపు గాలి తేమ చేరుతుంది. కొన్నాళ్ళకు లెన్సు లోపల సన్న దారాల్లా పాకుతుంది. ఫొటోలో అది మచ్చగా కనపడదు, మొత్తం మీద పల్చటి మంచు తెర కమ్మినట్టు కాంట్రాస్ట్ పడిపోతుంది. ఆబ్జెక్టివ్ విప్పి, ఐపీసును తలకిందులుగా పట్టుకొని భూతద్దంలా వాడి ముందు కొస, వెనక కొస రెండూ చూడు. 20, 40 ఎక్స్ డ్రై లెన్సుల మీద ఎవరో పూసిపోయిన ఆయిల్ కూడా అప్పుడే దొరుకుతుంది. సిలికా జెల్ డబ్బాలో పెట్టండి, అది రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టండి.

కావలి పిక్సెల్ | ప్రస్తుతం బెంగళూరు | బుధవారం ఉదయం 7:30

లెన్స్ అన్న చెప్పినవన్నీ చేశాక ఫొటో తీసే వరస చెప్తాను.

అన్నిటికంటే ఎక్కువ మెరిసే స్లైడ్ ముందు పెట్టు. ఫీజీలో హైలో అనే రంగుల పట్టిక ఎంచుకుంటే గరిష్ఠాన్ని తాకిన పిక్సెళ్ళు ఎర్రగా, సున్నా అయినవి నీలంగా కనిపిస్తాయి. ఎరుపు పూర్తిగా పోయేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించు. 12 బిట్లలో 4,096 మెట్లుంటాయి. పైమెట్టుకు తగిలిన పిక్సెల్ అంతకుమించి ఎంత మెరిసినా ఒకటే నంబరు ఇస్తుంది, అప్పుడు కొలత పోయినట్టే. ఆ ఎక్స్‌పోజర్‌నే చివరి స్లైడ్ దాకా ముట్టుకోకు. చానళ్ళలో ముందు 594, తర్వాత 488, ఆఖర్న డాపీ తియ్యి. డాపీని వెలిగించే 358 నానోమీటర్ల దగ్గరి కాంతికి శక్తి ఎక్కువ, ముందే దాన్ని వేస్తే మిగతా రంగులు వెలిసిపోతాయి.

సీఏ3 చుక్కలు చాలావరకు లైపోఫ్యూసిన్ అయ్యుంటాయి. వయసుతో న్యూరాన్లలో పేరుకునే పదార్థం అది, దాదాపు అన్ని చానళ్ళలో మెరుస్తుంది. ఏ యాంటీబాడీ వెయ్యని సెక్షన్లోనూ అదేచోట అవే చుక్కలుంటే ఇక సందేహం లేదు. 70 శాతం ఆల్కహాల్లో 0.1 శాతం సూడాన్ బ్లాక్ బీ కొంతసేపు ఉంచితే అణుగుతుంది. యాంటీబాడీల పని మొత్తం అయ్యాకే అది వెయ్యాలి, ఆ తర్వాత ట్రైటాన్ (సబ్బులాంటి పదార్థం) ఉన్న బఫర్‌తో కడిగితే మళ్ళీ ఊడిపోతుంది.

మెరుపును జీఎఫ్‌ఏపీ ప్రొటీన్ పరిమాణంగా రాయొద్దు. యాంటీబాడీ మెరుపు ప్రొటీన్‌తో సమానంగా పెరగదు. ప్రొటీన్ ఎంతుందో కావాలంటే వెస్టర్న్ బ్లాట్ (కణజాలం నుంచి ప్రొటీన్‌ను తీసి కొలిచే పరీక్ష) చెయ్యి. సెక్షన్లలో కొలవాల్సింది ఆస్ట్రోసైట్ల సంఖ్య, ఆక్రమించిన వైశాల్యం, కొమ్మల ఆకారం. కొమ్మలు కొలిచే షోల్ విశ్లేషణకు 20 ఎక్స్ చాలదు. 6.5 మైక్రాన్ల పిక్సెల్ కెమెరాతో 20 ఎక్స్‌లో ఒక్కో పిక్సెల్ 0.325 మైక్రాన్లు, సన్నకొమ్మలు అందులో కలిసిపోతాయి. దానికి 60 లేదా 63 ఎక్స్ ఆయిల్, జెడ్ స్టాక్ (ఫోకస్ లోతు మారుస్తూ వరసగా తీసిన ఫొటోలు) కావాలి.

కణాల లెక్కకు క్యూపాత్, స్టార్‌డిస్ట్, సెల్‌పోజ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అన్నీ ఉచితమే. చేతి లెక్క మానెయ్.

ఒంగోలు పాథాలజీ | ఒంగోలు | బుధవారం మధ్యాహ్నం 2:05

చివరి మాట దగ్గర ఆగు నాయనా. చేతి లెక్క మానెయ్యమని విద్యార్థులకు చెప్పొద్దు. హిప్పోక్యాంపస్‌లోనే ఉండే డెంటేట్ గైరస్‌లో గ్రాన్యూల్ కణాలు (చిన్న న్యూరాన్లు) ఒకదానికొకటి ఆనుకొని కిక్కిరిసి ఉంటాయి. 40 మైక్రాన్ల మందంలో ఒకదాని వెనక ఒకటి కూడా ఉంటాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ రెంటిని ఒకటిగా కలిపేస్తుంది.

కావలి పిక్సెల్ | ప్రస్తుతం బెంగళూరు | బుధవారం సాయంత్రం 5:40

నిజమే సార్, గ్రాన్యూల్ పొరలో కలిపేస్తుంది, అక్కడ నేనూ స్టీరియాలజీయే (నమూనాలు తీసి మొత్తం కణాల సంఖ్యను అంచనా కట్టే పద్ధతి) అంటాను. కానీ ఆస్ట్రోసైట్లు దూరదూరంగా ఉంటాయి, అక్కడ మనిషి అలసిపోయి వదిలేసే కణాల్ని యంత్రం వదలదు. పొద్దున మొదటి స్లైడ్ లెక్కించిన కన్ను, సాయంత్రం ముప్పయ్యో స్లైడ్ లెక్కించే కన్ను ఒకటి కాదు. చెన్నైలో ఐఐటీ మద్రాస్ వాళ్ళు 2024 డిసెంబరులో విడుదల చేసిన ధరణి అట్లాస్ చూడండి. గర్భస్థ శిశువు మెదళ్ళవి 5,132 సెక్షన్లు. అంత సామగ్రి ముందు చేతి లెక్కతో కూర్చోలేం.

ఒంగోలు పాథాలజీ | ఒంగోలు | బుధవారం రాత్రి 8:15

ఆ సెక్షన్లను యంత్రం విభజించినా పేర్లు పెట్టాల్సింది చదువుకున్న కన్నే గదా. నా మాట అదే. కొన్ని ఫొటోలు ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కించాలి, గ్రూపు తెలియకుండా. వాళ్ళిద్దరికీ ఎంత పొంతన కుదిరిందో ముందు రాయాలి. ఆ తర్వాత యంత్రానికీ వాళ్ళకూ ఎంత కుదిరిందో రాయాలి. అదికూడా కంట్రోల్ ఫొటోలకు విడిగా, ఫ్లోరైడ్ ఫొటోలకు విడిగా. ఒక గ్రూపులోనే యంత్రం తప్పితే ఆ తప్పే ఫలితమై కూర్చుంటుంది.

గూడూరు గణాంకం | గూడూరు | బుధవారం రాత్రి 10:20

స్టాటిస్టిక్స్ పాఠం చెప్తాను. ఒక ప్రశ్న అడగాలి. గ్రూపుకు ఎన్ని ఎలుకలు, ఎలుకకు ఎన్ని సెక్షన్లు, సెక్షన్‌కు ఎన్ని ఫొటోలు, పంజరానికి ఎన్ని ఎలుకలు?

సింహపురి స్లైడ్ | నెల్లూరు | బుధవారం రాత్రి 10:44

గ్రూపుకు 6 ఎలుకలు, ఎలుకకు 5 సెక్షన్లు, సెక్షన్‌కు 3 ఫొటోలు మేడమ్. పంజరానికి మూడేసి ఎలుకలు, ఒక్కో పంజరానికి ఒక నీళ్ళ సీసా.

గూడూరు గణాంకం | గూడూరు | గురువారం ఉదయం 6:15

ఆరు అయిదుల ముప్పై, ముప్పై మూళ్ళు తొంభై. 90 అని పెట్టి టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటులను పోల్చే పరీక్ష) చేస్తే పీ విలువ (చిన్నదైతే తేడా యాదృచ్ఛికం కాదనిపించే నంబరు) ఎంత చిన్నదైనా వస్తుంది, దానికి అర్థం ఉండదు. ఒకే కుండలోంచి తొంభై మెతుకులు పట్టి చూసినా తెలిసేది ఆ ఒక్క కుండ సంగతే. లెక్కలో నీ సంఖ్య 6. ఫొటోల సగటు తీసి ఎలుకకు ఒక విలువ పెట్టుకో, లేదా ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మిక్స్‌డ్ మోడల్ పెట్టి ఎలుకను ర్యాండమ్ ఎఫెక్ట్‌గా ఇవ్వు, అప్పుడు ఒకే ఎలుక ఫొటోలు ఒక గుంపని లెక్కకు తెలుస్తుంది.

ఇంకా పైన ఒక మెట్టుంది. నువ్వు ఫ్లోరైడ్ ఇచ్చింది ఎలుకకు కాదు, సీసాకు. ఆ సీసా నీళ్ళు ముగ్గురూ పంచుకున్నారు. ఎవరెంత తాగారో తెలియదు, ఒకే పంజరంలో పెరిగినవి ఒకదానికొకటి పోలికగానూ ఉంటాయి. కచ్చితంగా మాట్లాడితే నీ ప్రయోగ యూనిట్ పంజరం. గ్రూపుకు రెండే పంజరాలు. థీసిస్‌లో ఈ మాట దాచకుండా రాయి, పంజరాన్ని కూడా మోడల్లో చూపించు. వచ్చే విడత ఎలుకలకు పంజరాలు పెంచండి.

లెక్కింపు గురించి కూడా చెప్తాను. సెక్షన్ అంచుల్లో కోసుకుపోయిన కణాలు రెండు సెక్షన్లలోనూ కనబడతాయి. అబర్‌క్రాంబీ 1946లో ఇచ్చిన సవరణ: కనిపించిన సంఖ్యను సెక్షన్ మందంతో గుణించి, మందం, కణం ఎత్తు రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి. 40 మైక్రాన్ల సెక్షన్లో 10 మైక్రాన్ల కణమైతే అసలుకంటే 25 శాతం ఎక్కువ కనబడతాయి. ఆ కణం ఉబ్బి 14 మైక్రాన్లయితే 35 శాతం ఎక్కువ. ఒక్క కణం కూడా పెరగకుండానే ఉబ్బిన గ్రూపులో 8 శాతం ఎక్కువ లెక్క వస్తుంది. జీఎఫ్‌ఏపీ ప్రయోగాల్లో ఆస్ట్రోసైట్లు ఉబ్బడమే కదా మీరు వెతికేది! అందుకే కణం మొత్తాన్ని కాకుండా డాపీ కేంద్రకాన్ని లెక్కించాలి. ఇంకా మంచిది, 1991 నుంచీ వాడుకలో ఉన్న ఆప్టికల్ ఫ్రాక్షనేటర్ (సెక్షన్ మందంలో కొంత భాగంలోనే లెక్కించి మొత్తాన్ని తేల్చే స్టీరియాలజీ పద్ధతి). సెక్షన్లు కూడా బాగున్నవి ఏరుకోకుండా ప్రతి ఆరోది తీసుకో. మొదటిది ఒకటి నుంచి ఆరులో ఏదో చీటీ తీసి తేల్చు. అప్పుడు 240 మైక్రాన్లకొకటి చొప్పున హిప్పోక్యాంపస్ పొడవునా వస్తాయి.

కందుకూరు క్రయో | కందుకూరు | గురువారం ఉదయం 7:05

మేడమ్ లెక్కకు ఒక మాట కలపాలి. 40 మైక్రాన్లు అనేది క్రయోస్టాట్ డయల్ మీది నంబరే. స్లైడ్ మీద ఆరాక, ఆల్కహాల్లో పోయాక సెక్షన్ సగానికి అటూఇటుగా పల్చబడుతుంది. ఫోకస్ పైనుంచి కిందికి తిప్పి అసలు మందం ప్రతి సెక్షన్లోనూ కొలుచుకోవాలి.

సింహపురి స్లైడ్ | నెల్లూరు | గురువారం రాత్రి 9:30

ఇన్ని రోజులుగా ల్యాబ్‌లో ఎవర్ని అడగాలో తెలియక తిరిగిన ప్రశ్నలన్నిటికీ ఇక్కడ దారి దొరికింది. గైడ్ సార్‌కు ఈ చర్చంతా చూపించాను. పాత ఫొటోల మెరుపు కొలతలు థీసిస్‌లోకి తీసుకోవట్లేదు. ప్రతి మెదడు నుంచి కోసిన మిగతా సిరీస్‌లు ఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంలో మైనస్ 20లో ఉండాయి. వాటిని రెండు గ్రూపులూ కలిపి కొత్తగా స్టెయిన్ చేస్తాను. ఆబ్జెక్టివ్ విప్పి చూశాను లెన్స్ అన్నా, 20 ఎక్స్ ముందు కొస మీద ఆయిల్ ఎండిపోయి ఉంది. లోపల ఫంగస్ లేదు.

అంత కాలం మైనస్ 20లో ఉన్న సెక్షన్లు పనికొస్తాయా?

కందుకూరు క్రయో | కందుకూరు | గురువారం రాత్రి 9:52

ఆ ద్రావణంలో గడ్డకట్టకుండా ఉంటే ఏళ్ళ తరబడి ఆగుతాయమ్మా. బఫర్‌తో బాగా కడుగు, గ్లైకాల్ మిగిలితే యాంటీబాడీ పట్టదు. ముందు రెండు గ్రూపుల నుంచి ఒక్కో సెక్షన్ వేసి చూసుకొని, ఆ తర్వాతే ప్లేటు మొత్తం పెట్టు.

మైపాడు లెన్స్ | నెల్లూరు | గురువారం రాత్రి 10:10

ఎండిన ఆయిల్‌ను గోటితో, దూదితో రుద్దొద్దు చెల్లెమ్మా. లెన్స్ పేపర్‌కు క్లీనర్ ఒక్క చుక్క వేసి, మధ్యనుంచి అంచుకు ఒకేసారి తుడిచి ఆ పేపర్ పారెయ్యి. మళ్ళీ కొత్త పేపర్.

ఒంగోలు పాథాలజీ | ఒంగోలు | గురువారం రాత్రి 10:35

రెండో లెక్క నేను చేస్తానమ్మా. ఫైళ్ళ పేర్లు మీ ల్యాబ్‌లో వేరొకరితో కోడ్ నంబర్లుగా మార్పించు. ఏ కోడ్ ఏ గ్రూపో ఉన్న కాగితం వాళ్ళ దగ్గరే ఉండాలి, నీ దగ్గరా వద్దు, నా దగ్గరా వద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, టిఫ్ ఫైళ్ళే డ్రైవ్‌లో పెట్టు.